బంతి రాకముందే నిర్ణయం: వీడియో శిక్షణ లెక్కలు

గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బౌలర్ చేతిలోంచి బ్యాటర్ దాకా రావడానికి దాదాపు అరసెకను పడుతుంది. లెక్క కష్టమేమీ కాదు. గంటకు 140 కిలోమీటర్లంటే సెకనుకు 39 మీటర్లు. రెండు పాపింగ్ క్రీజుల మధ్య దూరం 17.68 మీటర్లు. గాలిలోనూ, నేలకు తగిలినప్పుడూ బంతి కొంత వేగం కోల్పోతుంది కాబట్టి అరసెకను అనుకోవచ్చు. ‘పులిహోర’ అని మామూలుగా పలికి చూడండి, ఇంచుమించు అంతే సమయం.

అందులోనూ సగానికి దగ్గరగా మన ఒళ్లే తినేస్తుంది. కన్ను చూసింది మెదడుకు చేరి, అక్కణ్నుంచి కండరానికి ఆజ్ఞ వెళ్లి, చెయ్యి కదలడం మొదలయ్యేసరికి సుమారు 0.2 సెకను గడిచిపోతుంది. ఆపైన కాలు జరగాలి, బ్యాట్ దిగాలి. ఈ సమయాలన్నీ తీసేసి చూస్తే, బంతి సగం దూరం వచ్చేసరికే ఏ షాట్ ఆడాలో దాదాపు తేలిపోయి ఉండాలి.

పెద్ద ఆటగాళ్ల కళ్లు మనకంటే చురుగ్గా పనిచేస్తాయేమోనని అనుమానం రావచ్చు. 1987లో పీటర్ మెక్‌లియాడ్ అనే పరిశోధకుడు ఇంగ్లండ్‌లో ఈ సంగతే పరీక్షించాడు. మ్యాటింగ్ కింద సన్నటి చెక్క కడ్డీలు దాచి, వాటి మీద బంతులు పడేలా చేశాడు. పడ్డ బంతి ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు. బాగా అనుభవమున్న వృత్తి బ్యాటర్లు కూడా, బంతి తిరిగాక దాదాపు 0.2 సెకను గడిచేదాకా బ్యాట్ దారి మార్చలేకపోయారు. మనందరికీ పట్టే సమయమూ అదే. ముందే పసిగట్టే దారి మూసేస్తే గొప్ప బ్యాటర్‌కీ మన వీధి బ్యాటర్‌కీ ఆ ఒక్క విషయంలో తేడా లేదన్నమాట.

మరి తేడా ఎక్కడుంది? చూపు ఎప్పుడు ఎక్కడ నిలుపుతారన్న దాంట్లో. 2000లో మైకేల్ ల్యాండ్ అనే శాస్త్రవేత్తతో కలిసి మెక్‌లియాడ్ బ్యాటర్ల తలకు కెమెరా తగిలించి, వాళ్ల చూపు ఎటు వెళ్తుందో నమోదు చేశాడు. బ్యాటర్లు బంతిని మొదటినుంచి చివరిదాకా వెంటాడటం లేదు. బయలుదేరేటప్పుడు ఒకసారి చూసి, అది పడబోయే చోటికి చూపును ముందే దూకించి, అక్కడ దాని కోసం కాచుకుంటున్నారు. ఆట బాగా వచ్చినవాడి చూపు ఇంకా ముందుగా దూకుతోంది. ‘బంతి మీదనుంచి చూపు తిప్పకు’ అని మైదానంలో మనం అరుస్తూ ఉంటాం కానీ, మేటి బ్యాటర్లు చేసేది అక్షరాలా అది కాదు.

బ్రూస్ అబెర్నెతీ, డేవిడ్ రసెల్ అనే పరిశోధకులు ఇదే ప్రశ్నను బ్యాడ్మింటన్‌లో వేశారు. షటిల్‌ను కొట్టే ఆటగాణ్ని ఫిల్మ్ తీసి, రాకెట్ షటిల్‌కు తగలకముందే దృశ్యం ఆపేసి, షటిల్ ఎక్కడ పడుతుందో చెప్పమన్నారు. కొత్తవాళ్లు రాకెట్‌ను మాత్రమే చూసి ఊహిస్తే, ఆరితేరినవాళ్లు అంతకంటే ముందే కదిలే చేతిని కూడా చదివేశారు. ఇలా దృశ్యాన్ని కీలక క్షణంలో మూసేయడాన్ని టెంపోరల్ అక్లూజన్ అంటారు. వీడియో శిక్షణ అనేదంతా దాదాపుగా ఈ చిన్న ఉపాయం మీదే నిలబడి ఉంది.

ఇద్దరి మధ్య జరిగే ఆటకు ఇది సరే, జట్టు ఆటల సంగతేమిటి? అక్కడ చదవాల్సింది ఒక్క చేతిని కాదు, మైదానంలో జనం ఎలా పరుచుకుని ఉన్నారో దాన్ని. 1980లో కెనడాలో బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకు ఆట ఫొటోలను నాలుగేసి సెకన్లు చూపించి, ఎవరు ఎక్కడున్నారో గుర్తుచేసుకోమన్నారు. పథకం ప్రకారం సాగుతున్న ఆట ఫొటోల్లో ఆటగాళ్లు మిగతావారికంటే బాగా చెప్పారు. చిందరవందరగా ఉన్న క్షణాల ఫొటోలిస్తే ఆ ఆధిక్యం పోయింది. వాళ్ల జ్ఞాపకశక్తి గొప్పదేం కాదు, ఆటలోని అమరిక వాళ్లకు అర్థవంతంగా కనబడుతోంది, అంతే.

ఫుట్‌బాల్‌లో ఇది ఎంత పెద్ద భాగమో లెక్కలో చూడండి. 90 నిమిషాల మ్యాచ్‌లో బంతి నిజంగా ఆటలో ఉండేది గంట లోపే. గంటంతా ఎవరో ఒకరి కాళ్ల దగ్గరే ఉందనుకున్నా, 22 మందికి పంచితే మనిషికి 2 నిమిషాల 44 సెకన్లు వస్తాయి. మిగతా 57 నిమిషాలూ ఆటగాడు చేసే పని ఎక్కడ నిలబడాలి, ఎటు పరుగెత్తాలి, బంతి వస్తే ఏం చెయ్యాలి అని తేల్చుకోవడమే. మనం మాత్రం ప్రాక్టీసులో ఎక్కువ సమయం ఆ రెండు చిల్లర నిమిషాల నైపుణ్యానికే ఇస్తాం.

మన ఊళ్లలో బాగా ఆడే వాలీబాల్‌లోనూ అంతే. గంటకు 100 కిలోమీటర్ల స్మాష్ వల దగ్గరనుంచి వెనక గీత దాకా, 9 మీటర్లు రావడానికి పట్టేది 0.32 సెకను. అందులో 0.2 పోతే మిగిలేది 0.12. ఆ కాస్త సమయంలో చేతులు ఒక మూల నుంచి ఇంకో మూలకు చేరవు. కొట్టేవాడి భుజం తిరుగుతుండగానే వెనకున్నవాడు ఒక అడుగు వేసి ఉండాలి.

ఇక అసలు విషయానికొద్దాం. ఇంటరాక్టివ్ వీడియో అంటే చూసి ఊరుకునేది కాకుండా, మనల్ని ప్రశ్న అడిగి జవాబు రాబట్టే వీడియో. నాలుగైదు సెకన్లు ఆట నడుస్తుంది. బంతి ఉన్న ఆటగాడు నిర్ణయం తీసుకోవాల్సిన క్షణంలో తెర నల్లబడుతుంది. పాస్ ఇస్తావా, దూసుకెళ్తావా, గోల్ వైపు కొడతావా, వెనక్కి ఇస్తావా? సెకనులో చెప్పాలి. బటన్ నొక్కో, తెర తాకో, నిలబడి కాలు కదిపో చెప్పవచ్చు. తర్వాత మిగతా దృశ్యం నడుస్తుంది, ఏది మంచి నిర్ణయమో తెలుస్తుంది. జవాబు ఎంత సరైందో, ఎంత త్వరగా వచ్చిందో రెండూ నమోదవుతాయి.

దీనికి కంప్యూటర్ గేమ్‌ల హంగామా ఏమీ అక్కర్లేదు. 1990లోనే అమెరికాలో రాబర్ట్ క్రిస్టినా బృందం ఒక్క కాలేజీ ఆటగాడితో ఈ ప్రయోగం చేసింది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో లైన్‌బ్యాకర్ అంటే ప్రత్యర్థి ఎత్తును పసిగట్టి అడ్డుకోవాల్సినవాడు. అతను తెర ముందు కూర్చుని జాయ్‌స్టిక్‌తో తన కదలిక చూపించాడు. వేగం తగ్గకుండానే సరైన నిర్ణయాలు పెరిగాయి. ఒక్క మనిషి ఫలితాన్ని పట్టుకుని అందరికీ పనిచేస్తుందనలేం కానీ, దారి అక్కడ మొదలైంది.

2006లో పీటర్ ఫాడీ అనే పరిశోధకుడు ఒక కాలేజీ బేస్‌బాల్ జట్టును రెండు భాగాలు చేసి, ఒక భాగానికి పిచర్ల వీడియోలతో ఇలాంటి శిక్షణ ఇచ్చాడు. తర్వాతి సీజన్ మ్యాచ్‌లలో ఆ భాగం బ్యాటింగ్ సగటు మెరుగ్గా వచ్చింది. ఆస్ట్రేలియాలో 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో క్రికెట్ ఫీల్డర్లకు ఆరు వారాలు, మామూలు ప్రాక్టీసుతో పాటు వీడియో శిక్షణ కూడా ఇచ్చారు. మైదానంలో పెట్టిన ఫీల్డింగ్ పరీక్షలో వాళ్లు ఉత్త ప్రాక్టీసు చేసినవాళ్లకంటే ఎక్కువ మెరుగయ్యారు. ఈ రెండు అధ్యయనాలనూ ఎందుకు ప్రత్యేకంగా చెబుతున్నానంటే, వీటిలో కొలిచింది తెర ముందు మార్కుల్ని కాదు, బయట ఆటని.

ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. తెర మీద నేర్చింది మైదానంలోకి రావడాన్ని ట్రాన్స్‌ఫర్ అంటారు. వీడియో పరీక్షల్లో మార్కులు పెరుగుతాయని చూపించిన పరిశోధనలు చాలా ఉన్నాయి. అదే మెరుగుదల మైదానంలో కొలిచి చూపించినవి చాలా తక్కువ. పైగా అన్నీ అనుకూలంగానూ లేవు. 2009లో ఆస్ట్రేలియాలోనే నైపుణ్యమున్న బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల మీద చేసిన ప్రయోగంలో, శిక్షణ తీసుకున్నవాళ్లకు తీసుకోనివాళ్లకంటే ప్రత్యేకంగా ఒరిగిందేమీ కనబడలేదు. అప్పటికే బాగా ఆడేవాళ్లకు తేలికైన క్లిప్పులు చూపిస్తే కొత్తగా నేర్చుకునేది ఏముంటుంది?

ఆ చిక్కును విప్పే ఒక ప్రయత్నం వేగం పెంచడం. తెర ముందు కుర్చీలో కూర్చున్నవాడికి ఆయాసం ఉండదు, మీదికి దూకే ప్రత్యర్థి ఉండడు. అందుకని మామూలు వేగంలో నిదానంగా ఆలోచించేస్తాడు. 2013లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ మేటి ఆటగాళ్లకు వీడియోను ఒకటిన్నర రెట్ల వేగంతో చూపించారు. అంటే ఆరు సెకన్ల దృశ్యం నాలుగు సెకన్లలో అయిపోతుంది. మామూలు వేగంలో చూసినవాళ్లకంటే వీళ్లకే ఎక్కువ లాభం కలిగింది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్ కాలేజీ రోజుల నుంచీ వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్‌తో సాధన చేస్తూ, ఆ వేగాన్ని 1.75 రెట్ల దాకా పెంచుకున్నాడన్న సంగతి ప్రసిద్ధం. 2024లో వాషింగ్టన్ జట్టు తరఫున ఆడి, దాడి విభాగంలో ఆ ఏటి మేటి కొత్త ఆటగాడిగా అవార్డు అందుకున్నాడు. అయితే అదంతా హెడ్‌సెట్ మహిమే అంటే, అతని చేతికీ కాళ్లకూ అన్యాయం చేసినట్టే.

హెడ్‌సెట్ కొనాలా మరి? కళ్లకు కట్టుకునే ఈ పెట్టెలో తల ఎటు తిప్పితే అటువైపు దృశ్యం కనబడుతుంది. వెనక ఎవరున్నారో తిరిగి చూడాల్సిన ఆటలకు ఇది నిజంగా పనికొస్తుంది. 2019లో కెనడాలో బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల మీద చేసిన అధ్యయనం ఈ ప్రశ్నకు బాగా జవాబిచ్చింది. శిక్షణలో చూసిన ఎత్తుగడలే కోర్టులో ఎదురైతే, మామూలు కంప్యూటర్ తెర మీద నేర్చినవాళ్లూ హెడ్‌సెట్‌తో నేర్చినవాళ్లూ ఇద్దరూ మెరుగ్గానే తేల్చుకున్నారు. ఎప్పుడూ చూడని ఎత్తుగడ వచ్చినప్పుడు మాత్రం హెడ్‌సెట్ వాళ్లదే పైచేయి. కాబట్టి లాభం లేదనలేం. కానీ మొదటి మెట్టు లాభం మామూలు తెరకే వచ్చేస్తోంది. హెడ్‌సెట్ పెట్టుకున్న పిల్లాడి ఫొటో అకాడమీ బ్రోచర్‌కు బాగుంటుంది, ఫీజు పెంచడానికి ఇంకా బాగుంటుంది. దాన్ని రెండో మెట్టుగా చూడండి.

మైదానంలో గీత పక్కన జెండా పట్టుకునే అసిస్టెంట్ రిఫరీలకూ ఇదే రకం శిక్షణ ఇస్తున్నారు. 2002 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో పరిశీలించిన ఆఫ్‌సైడ్ నిర్ణయాల్లో నూటికి 26 తప్పులని తేల్చిన పరిశోధకులే, 2006 ప్రపంచకప్‌లో అవి నూటికి 10కి తగ్గాయని లెక్కగట్టారు. మధ్యలో రిఫరీల ఎంపిక, సన్నద్ధత కూడా మారాయి కాబట్టి పుణ్యమంతా వీడియోకే కట్టబెట్టకూడదు.

‘మావాడు రోజూ ఐపీఎల్ చూస్తాడు, చాలదా?’ చాలదు. టీవీలో క్రికెట్ ప్రధానంగా చూపించే కెమెరా బౌలర్ వెనకాల, ఎత్తులో ఉంటుంది. మీవాడికి కనబడేది బౌలర్ వీపు. బ్యాటర్‌కు కనబడే మణికట్టు, వేళ్ల పట్టు, చెయ్యి దిగే కోణం అందులో సరిగ్గా కనబడవు. పైగా టీవీ ప్రశ్న అడగదు, తప్పు చెబితే దిద్దదు.

ఫోన్‌లో ఆడే క్రికెట్ గేమ్? అదీ లెక్కలోకి రాదు. బొమ్మ బౌలర్ చెయ్యి నుంచి నేర్చుకున్నది మనిషి బౌలర్ చెయ్యి దగ్గర పనికిరావాలంటే రెండూ ఒకేలా కదలాలి. హైదరాబాద్‌కు చెందిన ప్రోయుగ సంస్థ ఐబీ క్రికెట్ పేరుతో హెడ్‌సెట్ పెట్టుకుని బ్యాట్ ఊపే వర్చువల్ క్రికెట్ తెచ్చింది. దాన్ని ఆటగా హాయిగా ఆడుకోవచ్చు. శిక్షణగా తూచాలనుకుంటే మాత్రం దేని గురించైనా అడగాల్సిన ప్రశ్న ఒకటే: అందులోని బౌలర్ చెయ్యి మనిషి చెయ్యిలాగే కదులుతోందా? ఇక మెదడుకు పదును పెడతామనే సాధారణ యాప్‌ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. లూమోసిటీ అనే ప్రసిద్ధ యాప్ నిర్వాహకులు రుజువు లేని ప్రచారం చేశారన్న ఆరోపణపై 2016లో అమెరికా ప్రభుత్వ సంస్థకు 20 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడ్డారు.

బౌలింగ్ యంత్రం ఉన్న అకాడమీలకు ఒక మాట. యంత్రానికి చెయ్యి లేదు. ఆస్ట్రేలియాలో 2011 ప్రాంతంలో నిజమైన బౌలర్‌ను, యంత్రాన్ని, దాదాపు మనిషంత ఎత్తున్న వీడియోను పక్కపక్కన పోల్చి చూశారు. బ్యాటర్ కాలు, బ్యాట్ కదలడం మొదలయ్యే సమయంలో వీడియో నిజమైన బౌలర్‌కు దగ్గరగా ఉంది, యంత్రం తేడాగా ఉంది. దెబ్బకు బలం, టైమింగ్ రావాలంటే యంత్రం మంచిదే. బౌలర్‌ను చదవడం అది నేర్పదు.

ఇప్పుడు ఇదంతా మన స్కూల్ మైదానానికి తెద్దాం. కబడ్డీనే తీసుకుందాం. రైడ్‌కు 30 సెకన్లు, ఎదురుగా ఏడుగురు. ఆరుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది కోర్టులో ఉంటేనే బోనస్. ఆ అర నిమిషంలో రైడర్ చేసే లెక్కలు తక్కువేమీ కావు. ఒక పిల్లవాడు రైడర్ వెనక మధ్య గీత దగ్గర, ఛాతీ ఎత్తులో ఫోన్ పట్టుకుని తీయాలి. ఎత్తైన మేడ మీదనుంచి తీస్తే అందరూ చక్కగా కనబడతారు, జవాబులూ తేలికవుతాయి. కానీ మ్యాచ్‌లో రైడర్‌కు మేడ ఉండదు.

కార్నర్ ఆటగాడి బరువు ముందు కాలి మీదికి వస్తున్న క్షణంలో వీడియో ఆపండి. 1: చేతితో అందుకోవడం, 2: కాలితో తాకడం, 3: బోనస్, 4: వెనక్కి వచ్చేయడం. పిల్లలందరూ ఒకేసారి వేళ్లు చూపించాలి, అప్పుడు పక్కవాడిని చూసి కాపీ కొట్టడం కుదరదు. తర్వాత ‘ఏం చూసి అలా చెప్పావు?’ అని అడగండి. నా ఉద్దేశంలో మొత్తం పద్ధతిలో విలువైన ప్రశ్న ఇదే. పిల్లాడు కార్నర్ మొహం చూస్తున్నాడో కాలు చూస్తున్నాడో అప్పుడు బయటపడుతుంది.

సరైన జవాబు ఎవరు తేలుస్తారు? పీఈటీ సారు ఒక్కరే కాదు, ఆట తెలిసిన ఇంకొకరు కూడా విడిగా చూడాలి. ఇద్దరికీ కుదరని క్లిప్పులు పక్కన పెట్టేయాలి. ఫోన్‌లో మామూలు హెచ్‌డీ వీడియో నిమిషానికి గరిష్ఠంగా 130 ఎంబీ పడుతుందనుకుంటే, ఆరేసి సెకన్ల క్లిప్పులు 40 దాచడానికి 520 ఎంబీ చాలు. క్రికెట్‌కైతే సెకనుకు 30 చిత్రాలు తీసే సెట్టింగ్ వద్దు. ఒక చిత్రానికీ ఇంకో చిత్రానికీ మధ్య 140 కిలోమీటర్ల బంతి 1.3 మీటర్లు వెళ్లిపోతుంది, చెయ్యి వదిలిన క్షణం దొరకదు. 60 పెడితే ఆ దూరం 65 సెంటీమీటర్లకు తగ్గుతుంది.

సమయం ఎంత పడుతుంది? క్లిప్పు, జవాబు, మళ్లీ చూపించడం కలిపి 20 సెకన్లు వేసుకోండి. 40 క్లిప్పులకు 13 నిమిషాలు చిల్లర. వారానికి మూడు రోజులైతే 40 నిమిషాలు, 120 నిర్ణయాలు. చినుకులు పడి మైదానం తడిసిన రోజు, మోకాలు వాచి పిల్లాడు కూర్చున్న రోజు ఇది బంగారం. మైదానం సమయంలోంచి కోసి మాత్రం పెట్టకండి. ఆరు వారాలు వీడియో చూసిన క్రికెట్ ఫీల్డర్లు మామూలు ప్రాక్టీసు మానలేదని గుర్తుంచుకోండి.

మార్కులు చదివేటప్పుడు తొందరపడొద్దు. నాలుగు జవాబులున్నప్పుడు కళ్లు మూసుకుని చెప్పినా 40లో 10 సరిగ్గా వస్తాయి. 22 వచ్చిన పిల్లకు వచ్చే వారం 26 వస్తే సంబరపడకండి, 18 వస్తే తిట్టకండి. 40 ప్రశ్నల పరీక్షలో అటూ ఇటూ నాలుగు మార్కులు అదృష్టం మీదే ఊగుతాయి. నాలుగైదు వారాలు వరుసగా పైకే వెళ్తుంటే, అదీ కొత్త క్లిప్పుల మీద వెళ్తుంటే, అప్పుడు నమ్మవచ్చు. పాత క్లిప్పులే తిప్పితిప్పి చూపిస్తే పిల్లలు ఆటను కాకుండా వీడియోను కంఠస్థం చేస్తారు.

మొదలుపెట్టే ముందు రెండు ప్రాక్టీసు మ్యాచ్‌లు తీసి ఉంచండి. ప్రతి రైడ్‌లో నిర్ణయం మంచిదా కాదా అని ఇద్దరు విడివిడిగా మార్కు వేయండి, పాయింట్ వచ్చిందా లేదా అన్నది పక్కన పెట్టండి. ఆరు వారాల తర్వాత ఇంకో రెండు మ్యాచ్‌లు తీసి అలాగే మార్కులు వేయండి. అకాడమీ వాళ్లు యాప్ అమ్మజూపినా ఇదే లెక్క అడగండి. తెర మీద మార్కులు మాత్రమే చూపిస్తే డబ్బు కట్టకండి. మైదానంలో మార్పు లేకపోతే ఆపేసి, వారానికి ఆ 40 నిమిషాలూ పిల్లలకు కోర్టులోనే ఇచ్చేయండి.